లూకాస్ రాడెబే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌ను ఈమధ్యే చూడడం మొదలుపెట్టినవారికి లీడ్స్ యునైటెడ్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక దక్షిణాఫ్రికా డిఫెండర్ పేరు వినబడుతుంది. లీడ్స్‌కు పదకొండేళ్లు ఆడి ఒక్క ట్రోఫీ కూడా గెలవని ఆటగాణ్ణి ఆ ఊరు ఇంతగా తలచుకోవడం ఏమిటన్న సందేహం సహజమే. సాధారణంగా ఎదురయ్యే ప్రశ్నలకు సమాధానాలు ఇవి.

లూకాస్ రాడెబే ఎవరు?

ఆయన 1969 ఏప్రిల్ 12న జొహానెస్‌బర్గ్ పక్కనున్న సొవెటోలో, డీప్‌క్లూఫ్ అనే పేటలో జన్మించారు. స్వదేశంలో కైజర్ చీఫ్స్‌కు, 1994 నుంచి 2005 వరకు ఇంగ్లండ్‌లో లీడ్స్ యునైటెడ్‌కు ఆడారు. దక్షిణాఫ్రికా జాతీయ జట్టుకు 70 మ్యాచ్‌లు ఆడి, రెండు ప్రపంచ కప్పుల్లో నాయకత్వం వహించారు. అభిమానులు ఆయనను స్వదేశంలో ‘రూ’ అనీ, లీడ్స్‌లో ‘చీఫ్’ అనీ పిలుచుకుంటారు.

ఆయన పేరును ఎలా పలకాలి?

ఇంగ్లిషు అక్షరాలను చూసి చాలామంది చివరి అచ్చును మింగేసి ‘రాడెబ్’ అంటారు. అది తప్పు. తెలుగు మాటల్లాగే ఆ పేరు కూడా అచ్చుతోనే ముగుస్తుంది కనుక మన లిపిలో దాన్ని ఉన్నదున్నట్టు రాయవచ్చు. రాడెబే అన్నది దక్షిణాఫ్రికాలోని హ్లూబీ అనే తెగ ప్రజల వంశనామం. మన ఇంటిపేరు, గోత్రం రెండూ కలిస్తే ఎలా ఉంటుందో అక్కడి వంశనామం ఇంచుమించు అలా ఉంటుంది. ఆ పేరుతో పిలిస్తే మనిషి ఒక్కడినే కాక వెనకనున్న తరాలన్నిటినీ గౌరవించినట్టు భావిస్తారు.

ఆయన బాల్యం ఎలా గడిచింది?

పదకొండు మంది సంతానంలో ఆయన ఒకరు. 1976 జూన్ 16న సొవెటో విద్యార్థులు వీధుల్లోకి వచ్చి, పోలీసు కాల్పులకు బలైననాటికి ఆయనకు ఏడేళ్లు. 1980ల నడుమకు వచ్చేసరికి ఆ పేటల్లో పోలీసులు, సైన్యం, తిరగబడ్డ యువకులు, ముఠాలు అన్నీ ఒకే వీధిలో తారసపడే పరిస్థితి ఏర్పడింది. పిల్లవాడు ఏదో ఒక గొడవలో చిక్కుకుంటాడన్న భయంతో తల్లిదండ్రులు ఆయనను పదిహేనేళ్ల వయసులో బొఫుతత్స్వానాకు పంపించారు. నల్లజాతీయులను సొంత దేశంలోనే పరాయివారిని చేయడానికి వర్ణవివక్ష ప్రభుత్వం కొన్ని ‘స్వదేశా’లను సృష్టించి, వాటికి పేరుకు స్వాతంత్ర్యం ఇచ్చింది. ప్రపంచంలో మరే దేశమూ గుర్తించని అటువంటి ముక్కల్లో బొఫుతత్స్వానా ఒకటి. ఫుట్‌బాల్ కోసం ఎవరూ ఆయనను అక్కడికి పంపలేదు, ప్రాణం దక్కితే చాలుననుకుని పంపారు. అక్కడ పొద్దుపోక పట్టుకున్న ఆటే ఆయన బతుకుతెరువైంది.

మొదట గోల్‌కీపర్‌గా ఆడారన్నది నిజమేనా?

నిజమే. బొఫుతత్స్వానాలో ఆయన ఆట మొదలైంది గోల్‌పోస్టుల మధ్యనే. తరువాత మిడ్‌ఫీల్డ్‌కు, అక్కడినుంచి రక్షణ పంక్తికి మారారు. ఈ పాత విద్య పదేళ్ల తరువాత ఎక్కడ అక్కరకు వచ్చిందో కిందనున్న ఓల్డ్ ట్రాఫర్డ్ ప్రశ్నలో చూడవచ్చు.

కైజర్ చీఫ్స్ ఎటువంటి క్లబ్బు?

1970లో కైజర్ మోటాంగ్ స్థాపించిన ఈ క్లబ్బు సొవెటోలో పుట్టింది. ఆయన అమెరికాలో అట్లాంటా చీఫ్స్‌కు ఆడి వచ్చారు కనుక తన పేరును, ఆ జట్టు పేరును కలిపి దీనికి పెట్టారు. ఓర్లాండో పైరేట్స్‌తో ఈ జట్టుకున్న పోటీ ఒకే ఇంట్లో అన్నదమ్ములు రెండు పక్షాలుగా విడిపోయి చూసే పోటీ. 1989లో చీఫ్స్ కంటబడిన రాడెబే ఆ జట్టులో స్థిరపడగా, 1991లోనూ 1992లోనూ లీగ్ టైటిల్ ఆ క్లబ్బుకే దక్కింది.

ఆయనపై కాల్పులు జరిగాయని అంటారు. అసలేం జరిగింది?

1991లో సొవెటోలో తల్లి కోసం కొట్టుకు వెళుతున్నప్పుడు ఎవరో ఆయనపై కాల్పులు జరిపారు. వెన్నులోకి దూసుకుపోయిన తూటా తొడ భాగంలోంచి బయటికి వచ్చింది. వెన్నుపాముకు గానీ లోపలి అవయవాలకు గానీ అది తగలకపోవడం అదృష్టమనే చెప్పాలి. కాల్చినవారు దొరకలేదు. ఆయన మరో క్లబ్బుకు మారతారన్న వదంతులు ఆ రోజుల్లో వినబడుతుండేవి, ఆ మార్పును ఆపడానికే ఎవరో ఈ పని చేయించి ఉంటారని ఆయనే అనుమానించారు. ఇంతకుమించి ఈ ఘటనపై రాసేదంతా ఊహాగానమే. ఆ తూటా ఒక అంగుళం పక్కకు తగిలి ఉంటే ఈ ప్రశ్నలు అడగవలసిన అవసరమే ఉండేది కాదు.

దక్షిణాఫ్రికా జట్టు 1992 వరకు అంతర్జాతీయ మ్యాచ్‌లు ఎందుకు ఆడలేదు?

తెల్లవారికి, నల్లవారికి వేరువేరు జట్లు ఉండాలన్న వర్ణవివక్ష విధానం కారణంగా ఫిఫా 1961లో ఆ దేశ సమాఖ్యను సస్పెండ్ చేసింది. మధ్యలో కొద్దికాలం సడలించినా మళ్లీ నిషేధించి, సొవెటో తిరుగుబాటు జరిగిన 1976లో పూర్తిగా బహిష్కరించింది. వర్ణవివక్ష చట్టాలు కూలిపోతున్న దశలో, 1992 జులైలో దేశానికి తిరిగి ప్రవేశం లభించింది.

ఆ నెల 7న డర్బన్‌లో కామెరూన్‌తో జరిగిన మ్యాచ్ కొత్త జాతీయ జట్టుకే కాక రాడెబేకూ మొదటి అంతర్జాతీయ మ్యాచ్. రెండేళ్ల క్రితమే ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్ ఆడిన జట్టుపై డాక్టర్ ఖుమాలో పెనాల్టీ గోల్‌తో 1–0గా గెలిచారు. (డాక్టర్ అన్నది ఆయన పేరే, వైద్యుడనుకోరాదు.) కానీ ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. వెంటనే జింబాబ్వే చేతిలో 4–1తోనూ, నైజీరియా చేతిలో 4–0తోనూ ఓడిపోగా, స్వదేశీ పత్రికలు ఆ జట్టుకు ‘ఫోర్ బై ఫోర్’ అని పేరు పెట్టి ఎగతాళి చేశాయి. ముప్పై ఏళ్లు తలుపు మూసిన గదిలోంచి బయటికి వచ్చినవారికి వెలుతురు ఒక్కసారిగా కళ్లలో పడితే ఎలా ఉంటుందో ఆ రెండేళ్లూ ఆ జట్టు అలాగే తడబడింది.

ఆయన లీడ్స్‌కు ఎలా వచ్చారు?

1994లో లీడ్స్ మేనేజర్ హోవర్డ్ విల్కిన్‌సన్ దృష్టి ప్రధానంగా మామెలోడి సన్‌డౌన్స్ స్ట్రైకర్ ఫిలెమన్ మసింగాపై ఉండేది. పరాయి దేశంలో మసింగాకు తోడుగా ఉంటాడని రాడెబేను కూడా 2,50,000 పౌండ్లకు తీసుకున్నారన్నది అక్కడ అందరూ చెప్పుకునే మాట. తోడుగా వచ్చినవాడు పదకొండేళ్లు ఉండిపోయాడు, అసలు మనిషి రెండేళ్లకే స్విట్జర్లాండ్‌కు వెళ్లిపోయాడు.

తొలి రోజులు సుఖంగా ఏమీ గడవలేదు. లీడ్స్ ఉన్న యార్క్‌షైర్ ప్రాంతపు చలికి తోడు ఇంటి బెంగ పట్టుకుంది. విల్కిన్‌సన్ ఆయనను ఒక్క స్థానంలో కుదురుగా ఆడించలేదు. అది చాలదన్నట్టు 1995లో మోకాలి లిగమెంటు తెగి నెలల తరబడి ఆటకు దూరమయ్యారు. 1996లో వచ్చిన జార్జ్ గ్రాహం హయాంలోనే సెంటర్‌బ్యాక్ స్థానం ఆయనకు స్థిరపడింది. డిఫెన్స్ నుంచే జట్టును కట్టుకుంటూ వచ్చే గ్రాహం వంటి మేనేజర్ ఎదురుకాకపోతే రాడెబే మరో సీజన్ తరువాత ఇంటిదారి పట్టేవారేమోనని నాకు అనిపిస్తుంది.

1996 ఆఫ్రికా కప్‌లో ఆయన పాత్ర ఏమిటి?

ఆ టోర్నమెంటును కెన్యా నిర్వహించవలసి ఉండగా, అక్కడి ఏర్పాట్లు సాగకపోవడంతో అవకాశం దక్షిణాఫ్రికాకు వచ్చింది. మోకాలి గాయంనుంచి రాడెబే సరిగ్గా ఆ సమయానికే కోలుకున్నారు. కోచ్ క్లైవ్ బార్కర్ జట్టులో కెప్టెన్ నీల్ టోవీ, మార్క్ ఫిష్, రాడెబే రక్షణకు వెన్నెముక. సెమీఫైనల్‌లో ఎదురైన ఘనా దాడికి ముందు వరుసలో ఉన్నది టోనీ యెబోవా. ఆయన లీడ్స్‌లో రాడెబే సహచరుడు. బంతి నేలను తాకకముందే దూరంనుంచి గోల్‌లోకి బాదే యెబోవాను ఆ ఏడాది ఇంగ్లండ్‌లో చూడనివారు లేరు. రోజూ సాధనలో ఎదుర్కొనే మనిషి కనుక ఆయన ఏ కాలిమీదకు ఎప్పుడు తిరుగుతారో రాడెబేకు కొట్టిన పిండి. ఘనాకు గోల్ దక్కలేదు, దక్షిణాఫ్రికా 3–0తో గెలిచింది.

ఫిబ్రవరి 3న సొవెటో అంచునున్న ఎఫ్‌ఎన్‌బీ స్టేడియంలో జరిగిన ఫైనల్‌లో ట్యునీసియాపై 2–0. రెండు గోల్స్‌నూ మార్క్ విలియమ్స్ చేశారు. టోవీ ధరించే 9వ నంబరు జెర్సీతో నెల్సన్ మండేలా మైదానంలోకి వచ్చారు. బాల్యంలో ప్రాణభయంతో విడిచి వెళ్లిన పేటకు కూతవేటు దూరంలోనే రాడెబే ఆ పతకాన్ని అందుకున్నారు.

ఓల్డ్ ట్రాఫర్డ్‌లో గోల్‌కీపర్‌గా నిలబడిన కథ ఏమిటి?

1996 ఏప్రిల్ 17. లీగ్ టైటిల్ కోసం న్యూకాజిల్‌తో హోరాహోరీగా పోరాడుతున్న మాంచెస్టర్ యునైటెడ్‌తో, ఆ జట్టు సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో లీడ్స్ తలపడింది. ఆట మొదలైన కాసేపటికే లీడ్స్ గోల్‌కీపర్ మార్క్ బీనీ పెనాల్టీ గీత బయట బంతిని చేత్తో ఆపి రెడ్ కార్డు తెచ్చుకున్నారు. సబ్‌స్టిట్యూట్లలో మరో గోల్‌కీపర్ లేరు. ఆ చేతితొడుగులు రాడెబే వేసుకున్నారు. అంతకు కొన్ని వారాల ముందు మిడిల్స్‌బ్రోతో మ్యాచ్‌లోనూ ఆయన ఇలాగే గోల్‌ను కాచి ఉన్నారు గనుక జట్టులో ఎవరూ పెద్దగా వాదించుకోలేదు.

మరొకరి జెర్సీ వేసుకుని, పది మందితో మిగిలిన జట్టు వెనక నిలబడి, కాంటొనా, గిగ్స్, కోల్ ఆడుతున్న జట్టును ఆయన సుమారు గంటసేపు నిలువరించారు. రెండో సగంలో రాయ్ కీన్ తక్కువ ఎత్తులో కొట్టిన బంతి చివరికి లోపలికి వెళ్లింది. మ్యాచ్ 1–0తో ముగిసింది. ఓడినా ఆనాటి ఆట గురించి మాట్లాడుకునేవారు కీన్ గోల్ కంటే ముందు రాడెబే పేరే ఎత్తుతారు. లీడ్స్ ఆటగాళ్లు తమపై చూపినంత పట్టుదల మిగతా మ్యాచ్‌లలో చూపడం లేదని ఆట తరువాత మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ విసిరిన విసురు, లీడ్స్‌తో ఇంకా ఆడవలసి ఉన్న న్యూకాజిల్ మేనేజర్ కెవిన్ కీగన్‌కు ఒళ్లు మండించింది. పన్నెండు రోజుల తరువాత టీవీలో కీగన్ వెళ్లగక్కిన ఆవేశానికి మూలం ఈ మ్యాచే.

డిఫెండర్‌గా ఆయన ప్రత్యేకత ఏమిటి?

కబడ్డీలో రైడర్‌కు దక్కే చప్పట్లు కార్నర్‌లో కాచుకుని ఉన్నవాడికి దక్కవు. అయినా ఎప్పుడు కదలాలో, ఎప్పుడు కదలకూడదో తెలిసినవాడు కార్నర్‌లో లేకపోతే రైడర్ తెచ్చిన పాయింట్లు నిలవవు. రాడెబే ఆట ఆ కోవకు చెందినది. ఆయన భారీకాయుడు కాడు. ఎదుటివాణ్ణి ఒంటితో గుద్ది పడగొట్టడం కంటే, బంతి వచ్చే దారిని ముందే పసిగట్టి అక్కడికి చేరుకోవడం ఆయన పద్ధతి. గతంలో మిడ్‌ఫీల్డర్‌గా ఆడినందువల్ల బంతిని గుడ్డిగా తన్నేయకుండా పాదంతో అదుపు చేసి అందించేవారు. గ్రాహం తరచుగా ఆయనకు ఎదుటి జట్టులోని ప్రధాన ఆటగాణ్ణి నీడలా వెంబడించే పని అప్పగించేవారు.

గోల్స్ కోసం ఎవరూ ఆయన వైపు చూడలేదు. లీడ్స్ తరఫున ఆడిన రెండువందల లీగ్ మ్యాచ్‌లలో ఒక్క గోల్ కూడా లేదు. కానీ 1999 డిసెంబరులో స్పార్టక్ మాస్కోతో జరిగిన యుఎఫా కప్ (యూరప్ క్లబ్బుల పోటీ) మ్యాచ్‌ను లీడ్స్ సొంత మైదానం ఎలాండ్ రోడ్ మరిచిపోదు. మాస్కో మైదానం గడ్డకట్టడంతో బల్గేరియా రాజధాని సోఫియాకు మార్చిన తొలి మ్యాచ్‌లో లీడ్స్ 2–1తో ఓడింది. తిరుగు మ్యాచ్ 84వ నిమిషంలో కార్నర్ కిక్‌కు రాడెబే తలతో అందించిన ఒక్క గోల్, పరాయి మైదానంలో చేసిన గోల్‌కు విలువ ఎక్కువన్న నిబంధన, ఈ రెండూ కలిసి లీడ్స్‌ను ముందుకు పంపాయి.

కెప్టెన్‌గా లీడ్స్‌ను ఎంతవరకు నడిపించారు?

1998లో కెప్టెన్ అయ్యారు. ఆ శరదృతువులో గ్రాహం వెళ్లిపోగా డేవిడ్ ఓలియరీ పగ్గాలు చేపట్టారు. హ్యారీ క్యూవెల్, జొనాథన్ వుడ్‌గేట్, అలన్ స్మిత్ వంటి కుర్రవాళ్లతో నిండిన ఆ జట్టుకు ముప్పై ఏళ్ల రాడెబే పెద్దదిక్కు. 1999లో నాలుగో స్థానం, 2000లో మూడో స్థానం దక్కాయి. 2000లో యుఎఫా కప్ సెమీఫైనల్ కోసం ఇస్తాంబుల్ వెళ్లినప్పుడు, మ్యాచ్ ముందురోజు రాత్రి ఇద్దరు లీడ్స్ అభిమానులు కత్తిపోట్లకు బలయ్యారు. గలాటసరాయ్‌తో ఆ జట్టు ఆ దుఃఖంతోనే ఆడి ఓడింది. మరుసటి ఏడాది లీడ్స్ యూరప్ అగ్రశ్రేణి క్లబ్బులు ఆడే చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ చేరి వాలెన్సియా చేతిలో నిష్క్రమించింది.

ఈ సంవత్సరాల్లో ఆయన రెండు పడవలపై కాళ్లు పెట్టవలసి వచ్చింది. 2000 జనవరిలో లీడ్స్ లీగ్ పట్టికలో అగ్రస్థానం కోసం పోరాడుతుండగా, ఘనా, నైజీరియా కలిసి నిర్వహించిన ఆఫ్రికా కప్‌కు ఆయన జాతీయ జట్టుతో వెళ్లారు. క్లబ్బు నొచ్చుకుంది. ఆయన వెళ్లడం సబబేనని నా అభిప్రాయం. దేశం తరఫున ఆడే హక్కే లేకుండా ముందు తరం ఆటగాళ్లు ముసలివారైపోవడం చూసినవాడికి ఆ పిలుపు కాదనడానికి నోరు రాదు.

ప్రపంచ కప్పుల్లో దక్షిణాఫ్రికా ఎలా ఆడింది?

1997 ఆగస్టు 16న కాంగోపై మసింగా దూరంనుంచి కొట్టిన గోల్‌తో దేశానికి మొదటి ప్రపంచ కప్ బెర్తు ఖరారైంది. 1998లో రాడెబే కెప్టెన్‌గా ఉన్న జట్టు ఆతిథ్య ఫ్రాన్స్‌తో 3–0తో ఓడి, డెన్మార్క్‌తో 1–1గా, సౌదీ అరేబియాతో 2–2గా ముగించి ఇంటికి వచ్చింది.

2002లో మనసు ఎక్కువ కష్టపెట్టుకోవలసి వచ్చింది. పరాగ్వేతో 2–2, స్లొవేనియాపై 1–0. చివరి మ్యాచ్‌లో స్పెయిన్‌తో 2–3గా ఓడారు. ఆ రెండు గోల్స్‌లో రెండోది రాడెబే తలతో చేసినదే. అదే సమయంలో మరో మైదానంలో పరాగ్వే 84వ నిమిషంలో స్లొవేనియాపై మూడో గోల్ చేసింది. పాయింట్లు సమానం, గోల్స్ తేడా సమానం. పరాగ్వే చేసిన గోల్స్ ఆరు, దక్షిణాఫ్రికా చేసినవి అయిదు. ఒక్క గోల్ దూరంలో రెండో రౌండు చేజారింది.

పెద్ద క్లబ్బులు పిలిచినా వెళ్లలేదా?

2000 ప్రాంతంలో మాంచెస్టర్ యునైటెడ్, ఏసీ మిలాన్, రోమా ఆయనపై ఆసక్తి చూపాయి. ఆయన లీడ్స్‌లోనే ఉండిపోయారు.

గాయాలు, లీడ్స్ పతనం ఒకేసారి ఎలా వచ్చాయి?

2001 వసంతంలో తగిలిన మోకాలి గాయం వల్ల 2001–02 లీగ్ సీజన్ మొత్తం ఆయన ఆడలేదు. కెప్టెన్సీ రియో ఫెర్డినాండ్‌కు వెళ్లింది. ఈలోగా క్లబ్బు చాంపియన్స్ లీగ్ ఆదాయం ఏటా వస్తుందని నమ్మి, రాబోయే టికెట్ల సొమ్మును తాకట్టు పెట్టి కోట్ల పౌండ్ల అప్పు చేసింది. ఆ పోటీకి అర్హత తప్పగానే లెక్కలు తలకిందులయ్యాయి. 2002లో ఫెర్డినాండ్‌ను మాంచెస్టర్ యునైటెడ్‌కు అమ్మారు, తరువాత ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. 2004 మేలో లీడ్స్ ప్రీమియర్ లీగ్‌నుంచి కింది డివిజన్‌కు పడిపోయింది. రాడెబే ఉండిపోయారు. అయితే కొత్త సీజన్ ఆరంభంలోనే మడమ వెనక నరం తెగడంతో, 2005లో ఆట విరమించారు.

2005 మే 2న ఎలాండ్ రోడ్‌లో జరిగిన వీడ్కోలు మ్యాచ్‌కు 37,000 మందికి పైగా వచ్చారు. రెండో డివిజన్‌లో ఉన్న జట్టు, కప్పు గానీ పాయింట్లు గానీ లేని మ్యాచ్ అని గుర్తుంచుకుంటే ఆ సంఖ్య బరువు తెలుస్తుంది.

జాతివివక్షకు వ్యతిరేకంగా ఆయన ఏం చేశారు?

దీనికి ముందు లీడ్స్ చరిత్రలోని మరో దక్షిణాఫ్రికా ఆటగాణ్ణి తలచుకోవాలి. జొహానెస్‌బర్గ్ దగ్గర జెర్మిస్టన్‌నుంచి 1961లో లీడ్స్‌కు వచ్చిన ఆల్బర్ట్ జొహానెసన్ 1965లో ఎఫ్‌ఏ కప్ ఫైనల్ ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు. ప్రేక్షకుల దూషణలు భరించి, ఆట ముగిశాక మద్యానికి బానిసై, ఆయన 1995లో అదే ఊళ్లో పేదరికంలో ఒంటరిగా మరణించారు. 1980లలో ఎలాండ్ రోడ్ బయట జాతివివక్ష పార్టీలవారు బాహాటంగా పత్రికలు అమ్ముకునేవారు. వారిని తరిమికొట్టే పనిని మొదలుపెట్టింది లీడ్స్ అభిమానులే. ఆ తరువాతి దశాబ్దంలో అవే స్టాండ్లు ఒక సొవెటో మనిషిని ‘చీఫ్’ అని పిలవడం మొదలుపెట్టాయి.

వివక్షకు వ్యతిరేకంగా చేసిన కృషికి, అనాథ పిల్లల కోసం ఎస్‌ఓఎస్ బాలల గ్రామాల తరఫున చేసిన సేవకు గుర్తింపుగా ఫిఫా 2000లో ఆయనకు ఫెయిర్ ప్లే అవార్డు ఇచ్చింది.

మండేలాకు, ఆయనకు ఉన్న అనుబంధం ఏమిటి?

2001 ఏప్రిల్ 30న లీడ్స్ నగర సత్కారం అందుకోవడానికి మండేలా మిలీనియం స్క్వేర్‌కు వచ్చినప్పుడు రాడెబే పక్కనే ఉన్నారు. రాడెబే తన హీరో అని మండేలా అన్నట్టు చెబుతారు. ఆ రోజే వేలమంది ముందు మండేలా పొరపాటున లీడ్స్ ప్రజలను లివర్‌పూల్ ప్రజలని సంబోధించారు. మరొకరు ఆ మాట అని ఉంటే యార్క్‌షైర్‌లో గొడవ జరిగేదే, ఆయన అన్నారు కాబట్టి అందరూ నవ్వుకున్నారు.

ఆట మానేశాక ఏం చేస్తున్నారు?

జాతీయ జట్టుకు చివరి మ్యాచ్ 2003 మే 22న డర్బన్‌లో ఇంగ్లండ్‌పై ఆడారు. 2005 తరువాత స్వదేశానికి తిరిగి వెళ్లి, 2010 ప్రపంచ కప్‌కు రాయబారిగా పనిచేశారు. 2008లో ఆయన భార్య క్యాన్సర్‌తో మరణించారు. లీడ్స్‌కు ఇప్పటికీ వస్తూ పోతూ ఉంటారు.

కైజర్ చీఫ్స్ అనే సంగీత బృందానికి, ఆయనకు సంబంధం ఉందా?

ఉంది. లీడ్స్‌కు చెందిన ఆ బృందం సభ్యులు ఫుట్‌బాల్ అభిమానులు. తమ కెప్టెన్ అంతకుముందు ఆడిన క్లబ్బు పేరునే తమకు పెట్టుకున్నారు. సొవెటో క్లబ్బు పేరుకు, లీడ్స్ బృందం పేరుకు ఇంగ్లిషులో ఒక్క అక్షరం తేడా. తెలుగులో రాస్తే ఆ తేడా కూడా మిగలదు, కాబట్టి ఈ పేరుతో వెతికేవారికి సగం ఫలితాలు గిటార్ల బొమ్మలతో వస్తే కంగారు పడనక్కరలేదు.